తక్కెడ కింద చింతపండు

కొత్తపట్నం జట్టుకి లెక్కలు రాసేవాణ్ణి నేను.
పడవకి రోజుకో చేప,
పండుగొప్పో వంజరమో,
ఏదీ పడని నాడు గుప్పెడు కవళ్ళు.
అమ్మితే ఏడాదికి
ముప్పై ఒక్క వేల నాలుగొందల అరవై.
బూట్లు ఏడు జతలు.
ఆడేది పదకొండు మంది.

చీమకుర్తి జట్టుకి క్వారీ ఉంది.
నల్లరాయి కోసినకొద్దీ చుక్కలు,
చుక్కలు కోసినకొద్దీ ఓడలు.
ఈసారి కేరళ నుంచి ఇద్దర్ని దించారు,
కలకత్తా నుంచి ఒకణ్ణి.

మా గోల్‌కీపరు జాలయ్యనీ పాడుకున్నారు.
పాటంటే వేలం పాట,
రేవులో వంజరానికి పాడినట్టే:
నలభై వేలు, ఒకటోసారి.
బండి కలిపి, రెండోసారి.
వాళ్ళమ్మ కంటి ఆపరేషను...
మూడోసారి అనేలోపు నేనే తల దించుకున్నా.
డబ్బాలో ఎంతుందో నాకు తెలుసుగా.

కమిటీ మీటింగులో లేచి అడిగా:
ఇంతకి మించి ఏ జట్టూ ఖర్చు పెట్టగూడదని
ఒక గీత గీయండయ్యా.
ఓనరు గారు నవ్వారు.
"కాటా వేసి ఆడతారేందబ్బా బంతి?"
అందరూ నవ్వారు.
టీ ఆయనది, షామియానా ఆయనది,
నవ్వకపోతే ఎట్టా?
ఆయన లారీలు రోజూ కాటా ఎక్కుతాయి,
బరువెక్కువైతే రసీదు చింపుతారు.
ఆ మాట అననే లేదు.
ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే
గుర్తొచ్చింది, ఎప్పట్లాగే.
మా నాయన అనేవాడు:
బేరంలో అరవబాక,
తక్కెడ తిరగేసి చూడు,
కింద చింతపండు అంటించి ఉంటది.

ఫైనల్ ఒంగోల్లో.
ఆరు, ఒకటి.
గోలుకి కట్టిన వల మాదే,
పోయిన వేసవిలో జాలయ్య కూర్చుని అల్లింది.
దానికి బాడుగ ఎవరూ ఇవ్వలేదు,
నేను అడగనూ లేదు.

ఓబులేసు తన్నిన బంతులు
రెండు పట్టేశాడు జాలయ్య.
మూడోది వేళ్ళ చివర్లు తాకి లోపలికి పోయింది.
పాత ఉప్పు తిన్నాడుగా, వదిలేశాడన్నారు మనవాళ్ళు
తిరుగు వ్యానులో, సంతోషంగానే.
నేను కొట్లాడా.
వాడు వదిలే రకం కాదు.
వదిలాడంటే
ఆ ఒక్క గోలూ మనది కాకుండా పోద్ది గదరా!

రాత్రి లాంతరు దగ్గర పుస్తకం తీశా.
వ్యాను బాడుగ పద్దెనిమిది వందలు.
నిమ్మకాయ సోడాలు రెండొందల నలభై.
ఓబులేసు బొటనవేలికి కట్టు, ముప్పై.
ఉత్తికాళ్ళ నలుగుర్లో వాడొకడు.

జమ వైపు చాలాసేపు ఖాళీగా ఉంది.
తర్వాత రాశా,
గోలు, ఒకటి.