నాలుక కింద పోగు

మా పిల్లి పేరు పులస.
పెట్టింది మా అత్తగారు.
"జన్మలో కొనలేం, కనీసం
రోజుకి నాలుగుసార్లు పిలుచుకుందాం" అంది.

డిసెంబరులో మా సందుకి నిద్ర ఉండదు.
పండగ లోపు లేసు పంపాలి.
చలికి పగిలిన వేలు
ప్రతి ముడికీ దారాన్ని పట్టుకుంటుంది.
అరుగు మీద కాగితం నక్షత్రం, లోపల జీరో బల్బు,
దాని కింద చాప, చాప మీద నేను,
దొర్లిపోయే దారపు ఉండ,
దాని వెనక పులస.
ముచ్చటేసి నవ్వుకున్నాను.
ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గు.

ఇరవై మూడు రాత్రి చేప తల ముట్టలేదు.
అలిగిన ఆడపడుచులా గోడకేసి తిరిగి కూర్చుంది.
మూడుసార్లు కక్కింది, ఒట్టి నురగ.
తెల్లారుజామున టార్చి వేసి నోరు తెరిచాను.
నాలుక కింద తెల్లటి పోగు.
నా దారమే. నలభై నంబరు. నాకు తెలీదా?

లాగబోయాను.
ముప్పై ఏళ్ళుగా ఈ చేతికి తెలిసిందదే,
తప్పు పడితే లాగెయ్యడం,
విప్పి మళ్ళీ మొదలెట్టడం.
సలోమి ఫోన్లోంచి డాక్టరమ్మ అరిచింది,
"లాగకమ్మా! కత్తిరించకు కూడా.
ఉన్నదున్నట్టు పట్టుకురా."

జకరయ్య ఆటో తీసేముందు
ఇంజను డబ్బా మీద అరచేత్తో మూడు దెబ్బలు వేశాడు.
వేడికి ఏ పిల్లయినా ముడుచుకుని ఉంటుందని.
ఎవరు నేర్పారని అడిగాను.
మాట్లాడలేదు.
కిందటేడు వాళ్ళింట్లోనూ ఒకటుండేది.

సఖినేటిపల్లి రేవులో పంటు కదల్లేదు.
మంచు.
ఒక్క కన్నం కూడా వదలకుండా
వశిష్ఠ మీద ఎవరో అల్లేశారు.
అవతల నర్సాపురం ఉందన్నది
నమ్మకం మీద ఆధారపడిన సంగతి.
"పొద్దెక్కాలి" అన్నాడు సరంగు, బీడీ ముట్టించి.

బుట్ట ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను.
"పిల్లి కోసమా ఇంత!" అంది రొయ్యలామె.
నా పక్కన ఒకాయన, చంకలో డేగ.
కోడికి మఫ్లరు చుట్టి
బాదం పప్పు కొరికి, కొరికి పెడుతున్నాడు.
ఉదయం ఈత, సాయంత్రం కాపడం,
ముక్కు కారితే తమలపాకు రసం.
ఇంకా మూడు వారాలే ఈ వైభోగం,
ఆ తర్వాత కాలికి కత్తి.
నాకు ఆ మనిషి మీద కోపం వచ్చింది.
దేవుడి పుట్టినరోజు ముందు రోజు కదా, మింగాను.
బుట్టలోకి తొంగి చూశాడు.
అడిగాడు. చెప్పాను.
కోడి మెడలోంచి మఫ్లరు విప్పి
నా బుట్ట మీద కప్పి
ఏమీ ఎరగనట్టు ఏటికేసి చూశాడు.

డాక్టరమ్మ స్టీలు పళ్ళెంలో చూపించింది, మూరెడు దారం.
"లంగా బొందు మీద గుడ్డలాగా
పేగంతా కుచ్చెళ్ళు పడింది.
లాగి ఉంటే కోసేసేది."
నా చేతుల్ని నేనే వెనక దాచుకున్నాను.

ఆ రాత్రి గుడికి వెళ్ళలేదు.
పన్నెండింటికి టపాసులు మొదలవుతాయని
కిటికీలకి దుప్పట్లు కట్టాను,
రేడియో పెంచాను,
మంచం కింద కుట్లతో పడుకున్న దాని పక్కన
నేనూ నేల మీదే వాలాను.
సలోమి తెచ్చిన కేకులో
కిస్‌మిస్‌లుంటాయని
పళ్ళెం అటక మీదికి ఎక్కించాను.
అత్తగారు వేళ్ళ మీద లెక్కేసింది,
ఆపరేషను, సూదులు, ఆటో, పంటు.
"మొత్తానికి పులసని కొన్నామే" అంది.

ఇప్పుడు ఉండలన్నీ మూతున్న డబ్బాలో.
మూత తీసినప్పుడల్లా ఎక్కడినుంచో వస్తుంది,
బుద్ధి రాలేదు దానికి.

మఫ్లరు ఉతికి, మడిచి ఉంచాను.
కనుమ వెళ్ళిన నాలుగో రోజు
పంటు మీద కనబడ్డాడు.
చంక ఖాళీగా ఉంది.
మఫ్లరు ఇచ్చాను.
కోడి సంగతి నేనడగలేదు.
పిల్లి తింటోందా అని
అతనే అడిగాడు.