రెండో సా పలకదు

చింతాద్రిపేట చేపల మార్కెట్ వెనక
మేడ మీది గదిలో
రాత్రి పదింటికి నేను స్క్రూడ్రైవర్ తీశానంటే
కింద తిలకవతి ఆంటీ టీవీ గొంతు పెంచుతుంది.
అది మా ఇద్దరి ఒడంబడిక.

నాలుగొందలు చెప్పి నూటఎనభైకి ఇచ్చాడు
పూదుపేటలో, కారు హారన్ల కుప్ప పక్కన.
పిల్లల కీబోర్డు. ముప్పై రెండు మెట్లు.
ఒక మెట్టుకి ఎవరో గోళ్ల రంగు పూశారు.
బ్యాటరీ అరలో పచ్చటి పొడి.
"పాడుతుందా?" అన్నాను.
"ఏడుస్తుంది" అన్నాడు.
నాకదే కావాలి.

తొమ్మిది స్క్రూలు. పదోది పోగొట్టింది వేరెవరో.
నాకన్నా ముందు ఒకరు లోపలికి వచ్చిపోయారన్నమాట.
మూత విప్పితే
గోధుమరంగు బోర్డు,
నల్లటి బొట్టు కింద దాక్కున్న చిప్పు,
కరెంటు దారిలోనే ఆగిపోయి ఎండిన చీమ ఒకటి.

పద్ధతి చెప్తాను, కష్టమేం కాదు.
గోడ కరెంటు వద్దు, బ్యాటరీలే.
ఇది మొదటి మాట, చివరి మాట కూడా.
చూపుడువేలు నాలిక్కి తాకించి
టంకం చుక్క మీద పెట్టు.
ఇంకో వేలు ఇంకెక్కడైనా.
మధ్యలో నువ్వే తీగవి.

మొదట ఏమీ లేదు.
తరవాత, దాని పొట్టలో ఉన్న ఒకే ఒక్క పాట,
పుట్టినరోజుకీ శవయాత్రకీ మధ్యస్తంగా ఉండేది,
కాలు జారింది.
మెట్ల మీంచి బిందె దొర్లినట్టు దొర్లి
అడుగున ఈనే గేదెలా మూలిగి,
వేలు తీయగానే
ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదలు.

పగలు నేను ఆస్పత్రుల్లో ఈసీజీ మిషన్లు బాగుచేస్తాను.
అక్కడ గీత వంకర పోతే తప్పు నాది.
సరైన బీప్, సరైన ఎడం, సంతకం, సీలు.
రాత్రి ఇక్కడ కూర్చుని వంకర కోసం వెతుకుతాను.
రిచీ స్ట్రీట్లో జమాలుద్దీన్
తిప్పుడు గుండీలు పొట్లం కట్టిస్తూ
"ఏ మిషన్‌కి?" అంటాడు.
పాడైపోవాల్సిన దానికి, అంటాను.
చిల్లర లెక్కపెట్టుకుంటాడు.

మూత లోపలివైపు పెన్సిల్ రాత
మూడో రాత్రి గానీ చూడలేదు.
తెలుగు అక్షరాలు.
మా ఇంట్లో తెలుగు నోట్లో ఉంటుంది, చేతిలో ఉండదు.
నాలుగు తరాలుగా తెలుగులో పోట్లాడుకుని
తమిళంలో సంతకం పెడతాం.
నేను ముప్పై దాటాక దిద్దుకున్నాను,
ఇప్పటికీ ఒత్తుల దగ్గర తట్టుకుంటాను.
కూడబలుక్కున్నాను:
రెం. డో. సా. ప, ల, క, దు.
కింద తేదీ, 11-6-98. కూలి పదిహేను.
పేరు లేదు.

నొక్కి చూశాను. నిజమే.
ఇన్నేళ్లూ నోరు తెరిచి గాలి మింగుతోంది.
రబ్బరు కింద నల్లపూత అరిగింది, అంతే.
పెన్సిల్ ములికితో నాలుగుసార్లు రుద్దితే పలికేది.
పెన్సిల్ అతని చేతిలోనే ఉంది.
దాంతో, పలకదు అని రాశాడు.

నేనూ రుద్దలేదు.
ఆ మెట్టు పక్కన రెండు ఇత్తడి మేకులు దిగ్గొట్టి
లోపలి నుంచి తీగలు లాగాను.
ముట్టుకున్న చర్మం ఎంత ఇస్తే అంత సా.
నా ఆరిన వేళ్లకి గొణుగుతుంది.
పైన రైలు చింతాద్రిపేట స్టేషన్లో ఆగినప్పుడు
ఎవరూ తాకకుండానే కాస్త వణుకుతుంది.

గురువారం ఆంటీ పైకొచ్చింది, దెబ్బలాటకి.
గిన్నెలు తోముతూ లేచొచ్చినట్టుంది, మోచేతుల దాకా నురగ.
"ఏమిటిదీ" అని వేలు పెట్టింది.
కీచుమని ఒక్క కేక! గది, కిటికీ,
నా పళ్లు, అన్నీ జివ్వుమన్నాయి.
చెయ్యి లాక్కుంది.
నన్ను చూసింది.
మళ్లీ పెట్టింది.
కింద టీవీ ఎవరూ లేని గదితో
చాలాసేపు మాట్లాడింది.

ఆమె వెళ్లాక పెన్సిల్ చెక్కి
అతని గీతల కింద రాశాను:
పలుకుతొంది, తడిచేత్తో. కూలి లేదు.
దీర్ఘం మర్చిపోయానని
మూత బిగించాక తెలిసింది.
తొమ్మిది స్క్రూలు.
విప్పలేదు.