ఓదెలు చెప్పిన లండన్

బల్లార్‌పూర్ బొగ్గుబావుల కాలనీలో
జాబిర్ భాయ్ వీడియో హాలుకు రేకుల గోడలు,
కిటికీలకు ఎరువుల సంచులు.
టికెట్టు రూపాయి పావలా.
బొమ్మ మీద గీతలొస్తే
రూపాయి నోటుతో హెడ్డు తుడిచేది నేనే,
పదకొండేళ్ల నేను.

ఆ వానాకాలం నెల పాటు ఒకటే క్యాసెట్టు.
లండన్ గూండాల సినిమా.
నాగ్‌పూర్‌లో వేరేదేదో అనుకుని కొనుక్కొచ్చాడు భాయ్.
మాటలు ఎవరికీ అర్థం కావు.
అందుకే టీవీ పక్కన స్టూలేసి
ఓదెలును కూర్చోబెట్టారు.
ఓదెలుకూ ఇంగ్లీషు రాదు,
మూడో నంబరు బావిలో ఓవర్‌మన్ తిట్టే
నాలుగు ముక్కలు తప్ప.
అయితేనేం, ఒగ్గుకథ చెప్పే ఇంట పుట్టినవాడు,
ఏ పెదవి కదిలినా గొంతు అరువిచ్చేవాడు.

మొదటి రోజు జనం నవ్వారు.
వీడేం విలన్?
మీసం లేదు, గాటు లేదు,
నవ్వితే గది మోగదు.
బూడిదరంగు కోటు, నున్నటి గోళ్లు.
తడిసిన గొడుగును
పసిపిల్లను దించినట్టు మూలకు ఆనించి
ఎదుటివాడి కప్పులో
తానే చక్కెర బిళ్ల వేసి కలుపుతాడు.
"తాగు బిడ్డా, చల్లారుతది"
అన్నాడు ఓదెలు, వాడి గొంతుతో.
కప్పు ఇంకా పొగలు కక్కుతుండగానే
కారు తలుపు సందులో
ఆ తాగినవాడి వేళ్లు.

తర్వాత ఎవరూ నవ్వలేదు.

వాడికో తమ్ముడు, ఈల వేస్తాడు.
ఈల ఆగిందంటే ఒకడు తగ్గినట్టు.
ఇంకొకడు, దాదాపు పిల్లాడు,
చేపల మార్కెట్లో ఐసు పగలగొట్టే సుత్తిని
తుడిచి, తుడిచి,
ఆ జేబురుమాలు నాలుగు మడతలు పెట్టుకుంటాడు.
పెద్దవాడు మాత్రం చెయ్యెత్తడు.
గొంతెత్తడు.
ఇంటింటికీ పోయి క్షేమం అడుగుతాడు, అంతే.

చివరి పది నిమిషాల టేపు బూజు పట్టింది.
తెరంతా తెల్లచీమలు.
ఆ చీమల్లోంచి ఓదెలు
రోజుకో చావు తీసేవాడు వాడికి.
ఓ రాత్రి థేమ్స్‌లో ముంచాడు,
ఓ రాత్రి లండన్ మీద బావి కప్పు కూల్చాడు,
ఆడవాళ్లు ఎక్కువగా వచ్చిన రాత్రి
వేళ్లు పోయినవాడి పెళ్లాం చేతికి
రోకలిచ్చాడు.
చప్పట్లకు రేకులు అదిరేవి.

పదో తారీఖు, జీతాల రోజు,
వాసేకర్ సేఠ్ వచ్చాడు.
తెల్లచొక్కా, చేతిలో గొడుగు.
ఎవరూ లేవమనకుండానే
వెనక వరుసలో కుర్చీ ఖాళీ అయింది.
టికెట్టుకి డబ్బులిచ్చి
చిల్లర నన్నే ఉంచుకోమన్నాడు.
కాలనీలో సగం మంది పాసుబుక్కులు
ఆయన బీరువాలోనే ఉండేవి.
బాకీ అడగడానికి ఆయన అరవగా విన్నవాళ్లు లేరు.

తెర మీద
బూడిద కోటువాడు గుమ్మంలో నిలబడ్డాడు.
టోపీ తీశాడు.
లోపలికి తొంగిచూసి ఏదో అన్నాడు.
ఇన్ని రాత్రులుగా ఓదెలు అక్కడ చెప్పే మాట
మాకందరికీ కంఠతా:
"పిల్లలు మంచిగున్నరా?"

ఓదెలు నోరు తెరిచాడు.
మాట రాలేదు.
ఇంగ్లీషు రానివాడికి
ఆ మాట ఎక్కడ దొరికిందో
అప్పుడు తెలిసింది నాకు.

వెనక నుంచి, మరాఠీ యాసతో, మెత్తగా,
"చెప్పు ఓదెలూ, ఆగినవేంది?"

ఆ రాత్రి చీమలు చీమల్లాగే ఉన్నాయి,
పది నిమిషాలూ.

మర్నాడు స్టూలు ఖాళీ.
వాళ్లింటికి బయట గొళ్లెం.
రాత్రికి రాత్రే గోదావరి దాటి
మంథని వైపు పోయారని ఒకరు,
పోనిచ్చారా అని ఇంకొకరు.
భాయ్ హిందీ సినిమా తెచ్చాడు.

మొన్న ఫోన్లో దొరికిందా సినిమా,
గీతలు లేకుండా, కింద అక్షరాలతో.
గుమ్మం దగ్గర టోపీ తీసి
వాడు నిజంగా అన్నదిదీ:
"వాన తగ్గేలా లేదు."

ఫోను బోర్లా పెట్టాను.
ఇంకా పది నిమిషాలుంది.