దారంతో కోసిన బన్ను

పదకొండుకు పోయింది కరెంటు.
సబ్‌స్టేషన్లో పని అంట, నాలుగు దాకా రాదంట.
మోటారు మిషన్లు రెండూ మెడ వంచుకొని నిలబడినాయి,
సూది కింద ఎవరిదో జాకెట్టు చెయ్యి
ఇంకా భుజం దొరకక.

గౌసియా ఊరికే కూర్చునే పిల్ల కాదు.
కాజాలు నేర్చుకుంటానని వచ్చి
మూడు నెలల్లో నా కొట్టుకు కోరికలు నేర్పింది.
ఫోను చూపించె: గుండ్రంగా, నత్తగుల్ల మాదిరి,
పైన తెల్లగా కారుతా ఏదో.
"సినమన్ రోలు అక్కా."
రోలుకేమే, మనింట్లో ఉంది కదా, అంటి,
దంచీ దంచీ అంచు కూడా పగిలింది.
అది నవ్వీ నవ్వీ దారపు రీళ్ల డబ్బా తన్నేసింది.

పిండి కలపాల, పొంగాల, మళ్లీ పిసకాల,
మళ్లీ పొంగాల.
అది చదవతా ఉంటేనే నాకు ఆవులింత.
మనకెందుకే ఆ తంటా,
హుసేన్ పీరా తెల్లారి మూడింటికి లేచి
ఆ పాట్లన్నీ పడే ఉన్నాడు.
పోయి ఒక పలక తీసుకురా,
ఆరు బన్నులు అంటుకొని ఉంటాయే, తీపివి.
నిన్నటివైతే పది తక్కువ.

నిన్నటివే తెచ్చింది.

మసాలా డబ్బాలో దాల్చినచెక్క
పలావు లేని వారాల్లో పడుకొని ఉంటుంది.
తీసి చూస్తి.
ఇన్నేళ్లు దీన్ని నూనెలో వేయడమే గాని చూడలేదు,
ఇది కూడా చుట్టుకొనే ఉంది,
రెండు పక్కల నుంచీ లోపలికి,
బేరం కుదరక మళ్లీ చుట్టి పెట్టిన తాను లాగా.
రోట్లో దంచితే
కొట్టంతా పెళ్లి వంటపందిరి వాసన,
గోల ఒక్కటే తక్కువ.

బన్ను అడ్డంగా కోసి, పాలు చిలకరించి
చపాతీ కర్రతో నొక్కితే
మొదటిది పగిలింది.
పగిలింది నోట్లోకి పోయింది. గుడ్డకు ఆ వీలు లేదు.
రెండోదానికి చెయ్యి తెలిసింది.
వెన్న రాయి, బెల్లం తురుము, పైన చెక్క పొడి,
అంచు దాకా పోనీకు, అర అంగుళం వదులు
కుట్టుకు వదిలినట్టు.
ఇప్పుడు చాప చుట్టినట్టు చుట్టుకుంటా రా.

కత్తి పెడితే నలిగిపోయింది.
గౌసియా నా మొహం చూస్తా ఉంది.
తెల్లదారం మూరెడు తెంపి
చుట్ట కిందికి దూర్చి, కొసలు పైన మార్చి లాగితి.
చప్పుడు లేదు. పొడి రాల్లేదు.
లోపల సుడి, సుద్దతో గీసినట్టు.
ముప్పై ఏళ్లుగా దారంతో అతికిస్తానే ఉన్నా,
కోయడం ఇదే మొదలు.

కుక్కర్లో ఇసుక పోసి, రబ్బరు తీసి, విజిల్ తీసి,
గిన్నెలో చుట్టలు ఒకదానికొకటి ఆనించి,
సన్నమంట.
పన్నెండు నిమిషాలంది ఫోను.
వాసన చెప్తుందిలే, అంటి.
పద్నాలుగుకు చెప్పింది.
మీగడలో చక్కెర పొడి కలిపి పైన పోస్తే
అచ్చం ఫోన్లో మాదిరి రాలేదు,
నిలబడకుండా జారి అడుక్కు చేరింది.
ఆదోని ఎండకు మనుషులే నిలబడరు.
టేపూ కత్తెరా పక్కకు నెట్టి
మిషన్ బల్ల మీదే తింటిమి,
మాట్లాడుకోకుండా,
వేళ్లు మాత్రం జాకెట్టుకు తగలకుండా.

ఒకటి స్టీలు గిన్నెలో పెట్టుకొని
హుసేన్ పీరా కాడికి పోతి.
యాడిది ఈరక్కా, బెంగళూరుదా, అంటాడనుకుంటి.
ముందు తినలేదు ఆయన.
ఎవరి రవికైనా నేను తిరగేసి కుట్టు చూస్తాను చూడు,
అట్లా చుట్ట ఒక మడత విప్పినాడు.
లోపల ఎర్రటి పెచ్చు, ఒక మూల కాస్త నల్లగా.
"నాదే. మంగళవారం బట్టీ. ఎడమ పక్క రేకు."
అప్పుడు తిన్నాడు, మొత్తం.
బాగుందని అనలేదు.
చెక్క రవంత ఎక్కువైంది, అని వేలు నాకి
చొక్కా రెండో గుండీ చూపించినాడు,
ఒక్క పోగు మీద వేలాడతా ఉంది.

కొంగులో సూది ఎప్పుడూ ఉంటుంది నాకు.
దారం వేలికి చుట్టుకొనే ఉంది, ఆ దారమే,
తడుముకుంటే ఇంకా జిగటగా.
నిలబడే కుట్టేస్తి.
రేపు ఆ గుండీకి చీమలు పడితే
నా పూచీ లేదని ముందే చెప్తి.