తనిఖీ తేదీ

బ్యూట్ పట్నంలో లిఫ్టులు తక్కువ.
ఉన్నవన్నీ నాకు పేరుపేరునా తెలుసు.
కోర్టు భవనంలోది ముసలిది,
మూడో అంతస్తు దగ్గర ఒకసారి తుమ్ముతుంది.
ముప్పై ఒక్కేళ్లు వాటి గాజు చట్రాల వెనక
నా సంతకమే ఉండేది:
ఎం. వుకోవిచ్, తనిఖీ అధికారి.
ఎవరూ చదవరు.
అద్దంలో జుట్టు సర్దుకుని
పైకి పోతారు.

కొండ మీద గనుల ఇనుప చట్రాలు ఇంకా నిలబడే ఉన్నాయి.
మా తాత రోజూ వాటి తాడుకు వేలాడి
మైలు లోతుకు దిగేవాడట,
తాడు ఎవరు చూశారని అడగకుండానే.

ఇప్పుడు మా ఇంటి పదకొండు మెట్లెక్కితే చాలు
గుండె గొంతులోకొచ్చి కూర్చుంటోంది.
ఇరవై రెండేళ్లు నన్ను చూసిన హనిఫిన్ డాక్టరు
ఆగస్టులో తలుపు మూశాడు. ఇక చేపలు పడతాడట.
ఊరు విడిచేవాడు పిల్లిని అప్పగించినట్టు
నా ఫైలు నా చేతిలో పెట్టి
"ఇంటర్నల్ మెడిసిన్ వాళ్లను వెతుక్కో" అన్నాడు,
"లోపలిదంతా కలిపి చూసేవాళ్లను.
ఒక్క గుండెనో, ఒక్క కిడ్నీనో కాదు."

చెల్లెలు స్లావ్కా ఒక పేరు చెప్పింది.
ఎందుకు మంచివాడే అంటే, నవ్వుతాడంది.
పాస్టీల కొట్టావిడ ఇంకో పేరు చెప్పింది.
అక్కడ పార్కింగ్ సులువట.
అలాంటి మాట నమ్మి
నేనే లిఫ్టూ ఎక్కలేదు ఇంతవరకు.

రాష్ట్రం వాళ్ల లైసెన్సుల జాబితా తెరిచాను,
వంటింటి బల్ల మీద, చల్లారిన కాఫీ పక్కన.
నంబరు. ఇచ్చిన తేదీ. ముగిసే తేదీ.
చదివిన కాలేజీ, రెసిడెన్సీ చేసిన ఆసుపత్రి.
బోర్డు వారి జాబితా వేరే. అదీ తెరిచాను.
ఆ చిన్న అక్షరాల మధ్య
పుట్టింటికొచ్చినట్టుంది నాకు.

నవ్వే డాక్టరుకు లైసెన్సుంది,
బోర్డు జాబితాలో పేరు లేదు.
గోడకు పద్నాలుగు ఫ్రేములున్నాయంది స్లావ్కా.
ఒకటి గోల్ఫ్‌లో వచ్చిందట.
పార్కింగావిడకు అన్నీ ఉన్నాయి,
ఎనిమిది నెలల కిందటివి. మచ్చ లేదు.
ఇంకా బరువు మోయని తాడు.

మూడో పేరు నేనే పట్టుకున్నాను:
ఆర్విడ్ పెల్టోలా.
క్రమశిక్షణ చర్యలు అన్నచోట, ఒకటి.

చెయ్యి ఆగింది.
నొక్కితే రెండు పేజీల ఉత్తర్వు.
పదిహేడేళ్ల కిందట ఒకామె రక్తపరీక్ష ఫలితం
డ్రాయరులో తొమ్మిది రోజులు పడుందట.
ఆమె బతికింది. ఆమెకసలు తెలియనే తెలియదు.
చివరి వాక్యం మాత్రం నేను నాలుగుసార్లు చదివాను:
"విషయాన్ని డాక్టరు తనంతట తానే తెలియజేసినారు."

తొంభై నాలుగు జనవరి, మంచు మోకాళ్లదాకా.
పాత గిడ్డంగి సరుకుల లిఫ్టు.
పైకప్పెక్కి తాడు చూడాలి.
ఎక్కలేదు.
కింద నిలబడే సంతకం పెట్టాను.
ఏమీ కాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు.
ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు.
నా రికార్డు ఈ రోజుకీ అద్దంలా మెరుస్తుంటుంది.

ఫోను చేశాను. ఏడు వారాలన్నారు.
సరే అన్నాను.

ఆ రోజు క్లినిక్కు వెళ్తే, రెండో అంతస్తు.
లిఫ్టు తలుపు తెరుచుకుంది.
అలవాటు, కళ్లు కాగితం మీదికే పోయాయి.
గడువు దాటి పన్నెండు రోజులు.
మెట్లెక్కాను,
రెండేసి మెట్లకోసారి గోడ పట్టుకుని.

గదిలో ఒక్క ఫ్రేమూ లేదు.
పొడుగాటి మనిషి, స్వెట్టరు మోచేతి దగ్గర చిరుగు.
నా ఊపిరి విని అడిగాడు:
"లిఫ్టుండగా మెట్లెందుకెక్కారు?"
చెప్పాను.
నవ్వలేదు.
లేచి బయటికెళ్లి ఎవరితోనో మాట్లాడాడు.
లిఫ్టు ముందు కుర్చీ అడ్డంపెట్టిన చప్పుడైంది.

తర్వాత కూర్చుని నా మణికట్టు పట్టుకున్నాడు.
గడియారం చూస్తూ లెక్కపెట్టాడు,
పావు నిమిషం కాదు, నిమిషమంతా.
నాకు తెలుసు.
నేనూ లెక్కపెట్టాను.