రెండు పక్కలా తెలుపు

పొద్దున్నుంచి ఇది నూట పదిహేడో చీటీ.
ప్యారడైజ్ వెనక సందులో, మూడో అంతస్తులో
టిఫిన్ డబ్బా అంత ప్రింటరు
కిర్రుమని నాలుక చాస్తుంది.
నల్లగీతలు బాగానే ఉన్నాయి, కంటికి.
స్కానరు ఎర్రచూపు వాటి మీద
పోతుంది, వస్తుంది,
ఉలకదు పలకదు.

కోడులో తప్పు లేదు, అంటాడు కృపాకర్.
ఆ మాట అనని రోజు
అతనికి అన్నం సయించదు.

గుడిమల్కాపూర్ కిరాణా కౌంటర్ నుంచి
ఆండాళు ఫోను:
"మేడం, మీ మిషన్‌కి మాట పడిపోయింది.
తూకం చీటీ వచ్చినప్పుడల్లా
పదమూడంకెలు నేనే కొడుతున్న.
కందిపప్పు అరకిలోది నోటికొచ్చింది, చెప్పాల్నా?"

చెప్పింది.
రెండు, ఒకటి, మూడు సున్నాలు, నలభై రెండు,
మళ్ళా రెండు సున్నాలు, అయిదు వందలు,
ఊపిరి తీసుకోకుండా. ఆఖర్న, ఆరు.
"ఆ ఆరు యాడికెళ్ళి వస్తదో తెల్వది మేడం.
అయిదు కొడితే మాత్రం ఒప్పుకోదు."

కాగితం మీద వేసి చూశాను.
బేసిచోట్లవి కూడి, సరిచోట్లవి మూడింతలు చేసి,
పదికి ఎంత తక్కువో తీసి...
ఆరే.

అప్పుడు కనపడింది.
మొదటి గీత కాగితం అంచునే పుడుతోంది.
ఎడమన పదకొండు సన్నగీతల మేర
ఏమీ ఉండకూడదు.
కుడిన ఏడింటి మేర.
ఎక్కడ మొదలైందో తెలియని దాన్ని
ఏ చూపు మాత్రం ఏం చదువుతుంది?
చిన్న రోలు కొన్నారు, కాగితం ఆదా అని.
అంచులు సున్నా చేసినవాళ్ళెవరని వెతికితే
చేసింది కృపాకరే.
చూశాను, బాగుంది అని
కింద సంతకం నాది.

తెల్లదనం తిరిగి పెట్టాం.
నూట పద్దెనిమిదోది టిక్కుమంది.

సాయంత్రం ఆండాళు మళ్ళీ:
"మంచిగ పలుకుతుంది మేడం.
చెయ్యి ఖాళీ. నోరే ఊకుంటలేదు,
కందిపప్పు కనపడితే చాలు
రెండు, ఒకటి అంటుంది."

ఫోను పెట్టి చూస్తే
వేడి చాయ్ గ్లాసు కింద మరిచిన చీటీ
గుండ్రంగా నల్లబడి ఉంది.
దాని మీద కూడా
స్కానరు ఓసారి ఆడించాను.