ముహూర్తం మధ్యాహ్నం దాకానే

తెల్లారుజామున మూడింటికే లేచాం
అగ్నిపర్వతం చూడ్డానికి.
చలికోట్లు అద్దెకు తెచ్చుకున్నాం, మనిషికి నాలుగు యూరోలు.
ఎర్రమట్టి మైదానం మీద
బస్సు ఎగిరెగిరి పడుతుంటే
అచ్చం అంగారకుడే అన్నారు మావారు,
అక్కడికి వెళ్లొచ్చినట్టు.

అంచున నిలబడితే కనబడింది తెలుపు.
పైన తెలుపు, కింద తెలుపు, ముక్కు ముందు తెలుపు.
రెండున్నర గంటలు కాచుక్కూచున్నాం.
ఒక్కసారి మబ్బు జరిగి
బొగ్గురంగు భుజం కాస్త బయటపడింది.
వెంటనే పైట సర్దేసుకుంది కొండ.
"ఇవాళ అలిగింది" అన్నాడు డ్రైవర్ అనిసే,
మేనత్త సంగతి చెబుతున్నట్టు.
డబ్బు వాపసు ఇవ్వరా, అని మావారు.
అనిసే నవ్వి గేరు మార్చాడు.

దిగాం, దిగాం, చెవులు దిబ్బళ్లు పడేదాకా దిగాం.
సముద్రం పక్క రోడ్డు మీద
ఉన్నట్టుండి పచ్చదనం తెగిపోయింది.
కొండ మీంచి అలల దాకా
నల్లటి రాతి వరద,
పొంగి గడ్డకట్టిన బెల్లప్పాకంలా మడతలు మడతలు.
నాలుగు చినుకులు పడ్డాయి.
రాయి ఆవిర్లు కక్కింది.
ఇన్నేళ్లయినా లోపల ఇంకా చల్లారలేదట.
మావారు కూడా ఏమీ అనలేదు.

దానికి అవతల జెలియా తోట.
అల్లం పూలు, జాజికాయ చెట్లు,
చేటలంత ఆకులు,
ఊతకర్రల మీద నిలబడ్డట్టు మొగలి చెట్లు.
నేను పేర్లడుగుతుంటే
"తర్వాత. ముందు వీళ్ల పని కానీ" అంది.
వెనిలా తీగ మీద లేతాకుపచ్చ పూలు,
ఈ పొద్దే విచ్చినవి, మధ్యాహ్నానికి వాడిపోయేవి.
వాటికి ఈ దీవిలో తుమ్మెద లేదు.
నిమ్మముల్లు పట్టుకుని
రేక చీల్చి, మధ్య తెర పైకెత్తి
బొటనవేలితో పుప్పొడి అద్దుతుంది.
అంతే. తర్వాతి పువ్వు.
పొద్దుట్నుంచీ ఎనిమిదొందలు.
దీన్ని ఇక్కడ పెళ్లి చేయడమంటారట.
పెళ్లిళ్ల పేరమ్మ! అనుకుని
నాలో నేనే నవ్వుకున్నాను.

"మీ ఇల్లెక్కడ?" అంటే
కాలితో నేల తట్టింది.
"దీని కింద.
నాకప్పుడు పదకొండేళ్లు.
మా అమ్మ కిటికీ తలుపులు ఊడదీసుకుంది,
కోళ్లను పట్టుకుంది,
పొయ్యి మీద అన్నం వదిలేసింది.
లావా పరిగెత్తుకు రాలేదమ్మా,
నడిచొచ్చింది, ముసలాయన సంతకొచ్చినట్టు."

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు
అంటారు మావైపు.
చెప్పబోయాను.
నాకొచ్చిన ముప్ఫై ఫ్రెంచి మాటల్లో
అది పట్టలేదు.

ముల్లు నా చేతికిచ్చింది.
మూడు పూలు పాడుచేశాను.
నాలుగోదాని సంగతి రేపు తెలుస్తుందట:
రాలిపోతే లేదు, తీగనంటుకునుంటే ఉంది.
ఉంటే, కాయ ముదరడానికి తొమ్మిది నెలలు.
మా విమానం రేపు పొద్దున్నే.

రాత్రి గదిలో మావారు ఫోటోలు తిప్పుతున్నారు.
తెలుపు, తెలుపు, తెలుపు, భుజం, తెలుపు.
బొటనవేలికి పసుపుగా ఏదో అంటి ఉంది.
కడుక్కోకుండానే పడుకున్నాను.